ముప్పై లింకులు, ఒక ఫ్లోరైడ్ అంకె: నెట్‌లో దొరికినదాన్ని ప్రాజెక్టుకు ఎలా వడకట్టాలి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: ఎమ్మెస్సీ పర్యావరణ శాస్త్రం చివరి ఏడాది ప్రాజెక్టుకు "నల్లగొండ జిల్లా భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్" తీసుకున్నారు. ముప్పైకి పైగా లింకులు పోగేశారు. ఒకచోట ఫ్లోరైడ్ పీడ పూర్తిగా పోయిందని ఉంది, ఇంకోచోట ఇప్పటికీ పరిమితి దాటుతోందని ఉంది. గైడేమో "ఆథెంటిక్ సైట్లే వాడు" అన్నారు. అందుకని నమ్మదగిన సైట్ల జాబితా అడిగారు.

జాబితా ఇవ్వడం తేలికే గానీ దాంతో మీ పని తీరదు. మంచి సైట్‌లో పాత పేజీ ఉంటుంది, పేరు లేని బ్లాగులో ఒరిజినల్ నివేదిక స్కాన్ కాపీ ఉంటుంది. మీరు తూచాల్సింది సైట్‌ను కాదు, అందులోని ఒక్కో అంకెను. ఆ అంకె ఎవరి చేతిలో పుట్టింది, ఏ నీటిని కొలిస్తే వచ్చింది, ఎప్పటిది, ఏ హద్దుల్లోది? ఈ నాలుగింటికీ జవాబు దొరికితే వాడండి, దొరక్కపోతే ఆ పేజీ ఎంత అందంగా ఉన్నా పక్కన పెట్టండి.

ముందు మిమ్మల్ని తికమక పెట్టిన రెండు మాటల సంగతి చూద్దాం. తెలంగాణలో ఫ్లోరైడ్ బాధిత ఆవాసాలు సున్నాకు చేరాయని 2020లో కేంద్ర జలశక్తి శాఖ లెక్కలను ఉటంకిస్తూ వార్తలు వచ్చాయి. కేంద్ర భూగర్భ జల మండలి 2024 వార్షిక నాణ్యత నివేదిక మాత్రం ఫ్లోరైడ్ పరిమితి దాటడం ఆందోళన కలిగిస్తున్న రాష్ట్రాల్లో రాజస్థాన్, హరియాణా, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్‌లతో పాటు తెలంగాణ పేరూ చెప్పింది. రెండూ ప్రభుత్వ లెక్కలే. రెండింటిలో ఒకటి అబద్ధమై తీరాలని లేదు. మొదటి లెక్కలో కొలమానం "ఆవాసం". మిషన్ భగీరథ నల్లాలో శుద్ధి చేసిన నీరు అందుతుంటే ఆ ఊరు బాధిత జాబితా నుంచి పోతుంది. రెండో లెక్కలో కొలమానం బావి నీరు. నల్లా వచ్చినంత మాత్రాన బోరులోని ఫ్లోరైడ్ ఎక్కడికీ పోదు. అది నల్లగొండ గ్రానైట్, నైస్ రాళ్లలోని బయోటైట్, అపటైట్, ఫ్లోరైట్ ఖనిజాల నుంచి కరిగి వస్తుంది. నీటిలో బైకార్బొనేట్ ఎక్కువగా, కాల్షియం తక్కువగా ఉన్నచోట మరీ ఎక్కువ కరుగుతుంది. మీ శీర్షికలో "భూగర్భ జలాల్లో" అని ఉంది కాబట్టి మీకు పనికొచ్చేది రెండో రకం అంకె. మొదటిది పీఠికలో, తాగునీటి సరఫరా గురించి రాసే పేరాలో వాడుకోవచ్చు. రెండింటినీ ఒకే పట్టికలో పెడితే మాత్రం వైవాలో అక్కడే పట్టుకుంటారు.

ఇప్పుడు లింకుల పని. ముప్పై లింకులకు గంటన్నర పెట్టుకోండి, ఒక్కోదానికి మూడు నిమిషాలు. ఈ దశలో ఏదీ పూర్తిగా చదవకండి. పేజీలో ఉన్న ముఖ్యమైన అంకె లేదా వాక్యం ఒకటి కాపీ చేసి, డబుల్ కోట్స్‌లో పెట్టి గూగుల్‌లో వెతకండి. అదే వాక్యం, అదే తప్పు స్పెల్లింగుతో సహా పది చోట్ల కనిపిస్తే మీ దగ్గర ఉన్నవి పది ఆధారాలు కావు, ఒకటే ఆధారం. ఈ ఒక్క పనితో మీ ముప్పై లింకులు గణనీయంగా తగ్గిపోతాయి. మిగిలిన వాటిలో ప్రతి పేజీ తన అంకెకు ఎవరిని చూపిస్తోందో చూడండి. ఎవరినీ చూపించకపోతే తీసేయండి. చూపిస్తే ఆ మూలానికి వెళ్లండి, అక్కణ్ణుంచి దాని మూలానికి. ఈ తవ్వకం మామూలుగా ఒక ప్రయోగశాల నివేదిక దగ్గరో, పరిశోధన పత్రం దగ్గరో, ఒక శాఖ వార్షిక నివేదిక దగ్గరో ఆగుతుంది. ప్రాజెక్టులో ఉటంకించాల్సింది ఆ చివరి మెట్టునే.

తవ్వకం ఎందుకు తప్పనిసరో ఒక ఉదాహరణ. "మన దేశంలో ఫ్లోరోసిస్‌ను మొదట 1937లో గుర్తించారు" అన్న వాక్యం ఈ అంశంపై రాసే చాలా పేజీల్లో ఉంటుంది (ఫ్లోరోసిస్ అంటే ఎక్కువ ఫ్లోరైడ్ వల్ల పళ్లు, ఎముకలు దెబ్బతినే జబ్బు). ఎక్కడ గుర్తించారో కొందరు రాయరు. నల్లగొండ గురించిన వ్యాసంలో ఆ వాక్యం చదివితే నల్లగొండలోనే అనిపిస్తుంది. షార్ట్, ఆయన సహచరులు 1937లో ప్రచురించిన పత్రం మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా గురించినది. నల్లగొండ అప్పుడు నిజాం పాలనలోని హైదరాబాద్ సంస్థానంలో ఉంది. శీర్షికలో "మద్రాసు ప్రెసిడెన్సీ" అన్న మాట చూసిన క్షణమే ఆ పత్రం నల్లగొండది కాదని తేలిపోతుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. ఆనాటి నెల్లూరు జిల్లా నేటి నెల్లూరు జిల్లా కాదు. పొదిలి, దర్శి, కనిగిరి వైపు ప్రాంతం 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడినప్పుడు అందులోకి వెళ్లింది. పాత పత్రంలో "నెల్లూరు" అని చూసి నేటి నెల్లూరు మ్యాపు మీద చుక్క పెడితే తప్పు ఊరి మీద పెట్టినట్టే.

హద్దుల విషయంలో మీ సొంత జిల్లా ఇంకా కష్టం. 2016 అక్టోబరు 11న తెలంగాణలో కొత్త జిల్లాలు వచ్చాయి. పాత నల్లగొండ నుంచి నల్లగొండ, సూర్యాపేట, యాదాద్రి భువనగిరి జిల్లాలు ఏర్పడ్డాయి. మర్రిగూడ, మునుగోడు, చండూరు, నాంపల్లి మండలాలు నల్లగొండలోనే ఉన్నాయి. చౌటుప్పల్, నారాయణపూర్ యాదాద్రి భువనగిరికి వెళ్లాయి. కాబట్టి 2010 నాటి పత్రంలో "నల్లగొండ జిల్లాలో ఇన్ని శాతం నమూనాలు పరిమితి దాటాయి" అని ఉండి, 2022 నాటి నివేదికలో ఇంకో శాతం ఉంటే, తేడా నీటిలో వచ్చిందో గీతలో వచ్చిందో తెలియదు. జిల్లా సగటులు పోల్చకండి. మండలం పేరు, వీలైతే గ్రామం పేరు, అక్షాంశ రేఖాంశాలు ఉన్న సమాచారాన్నే పోల్చండి. పాత పత్రంలో గ్రామాల పట్టిక ఉంటే కొత్త హద్దుల ప్రకారం మీరే మళ్లీ విడదీయవచ్చు. శ్రమే, కానీ మీ ప్రాజెక్టులో నిజంగా మీదని చెప్పుకోగలిగిన పని అదే అవుతుంది.

ఇక తెలియని సైట్‌ను పరీక్షించే పద్ధతి. అక్కడే కూర్చుని "మా గురించి" పేజీ చదవకండి. తమ గురించి తాము చెడ్డగా ఎవరూ రాసుకోరు. ఆ పేజీ వదిలేసి పక్కన మూడు నాలుగు ట్యాబులు తెరిచి, ఆ సంస్థ గురించి బయటివాళ్లు ఏమంటున్నారో చూడండి. స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో శామ్ వైన్‌బర్గ్, సారా మెక్‌గ్రూ 2017లో వెలువరించిన అధ్యయనంలో 10 మంది చరిత్రకారులను, 10 మంది వృత్తిరీత్యా నిజ నిర్ధారణ చేసేవారిని, 25 మంది స్టాన్‌ఫర్డ్ విద్యార్థులను కూర్చోబెట్టి సైట్లను తూచమన్నారు. పీహెచ్‌డీలున్న చరిత్రకారులు కూడా లోగోలకు, పొందికైన పేజీలకు మోసపోయారు. నిజ నిర్ధారణ చేసేవారు సైట్‌లో దిగకుండా ముందు బయటికి వెళ్లి చూశారు, తక్కువ సమయంలో సరైన తీర్పుకు వచ్చారు. లైబ్రరీ తరగతుల్లో చెప్పే ఐదు ప్రశ్నల పరీక్ష మీరు వినే ఉంటారు: తాజాదనం, సంబంధం, రాసినవారి అర్హత, కచ్చితత్వం, ఉద్దేశం. 2004లో కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ చీకో లైబ్రరీ నుంచి వచ్చింది అది. ప్రశ్నలు మంచివే. కానీ జవాబులు ఆ పేజీలోనే వెతికితే, జాగ్రత్తగా తయారుచేసిన ఏ మోసపు పేజీ అయినా ఐదింటా పాసవుతుంది. ప్రశ్నలు అవే ఉంచుకుని జవాబులు బయట వెతకండి.

చేతి పని ఇలా. సంస్థ పేరును కోట్స్‌లో కొట్టి, దాని పక్కన మైనస్ గుర్తు, వెంటనే ఇంగ్లీషులో "సైట్", కోలన్, ఆ సైట్ అడ్రసు ఖాళీ లేకుండా కొడితే, ఆ సైట్ సొంత పేజీలు పోయి మిగతా ప్రపంచం దాని గురించి రాసింది మాత్రమే వస్తుంది. మైనస్ తీసేసి "సైట్" కోలన్ పక్కన గవ్ డాట్ ఇన్ కొడితే ప్రభుత్వ పేజీలే వస్తాయి. దానికి "ఫైల్‌టైప్" కోలన్ పీడీఎఫ్ కలిపితే నివేదికలే వస్తాయి. ఇవన్నీ ఇంగ్లీషు అక్షరాల్లోనే, కోలన్ తర్వాత ఖాళీ వదలకుండా కొట్టాలి. ఖాళీ వదిలితే గూగుల్ దాన్ని మామూలు మాటగా తీసుకుంటుంది.

అడ్రసు చదవడం రావాలి. ఎడమ నుంచి కాదు, మొదట్లో ఉండే రెండు స్లాష్‌లను వదిలేసి, ఆ తర్వాత వచ్చే మొదటి స్లాష్ దగ్గర ఆగి, అక్కణ్ణుంచి కుడి నుంచి ఎడమకు చదవండి. గవ్ డాట్ ఇన్ ప్రభుత్వ సంస్థలకే ఇస్తారు. ఏసీ డాట్ ఇన్, ఈడీయూ డాట్ ఇన్, ఆర్ఈఎస్ డాట్ ఇన్ విద్యా, పరిశోధన సంస్థలకు ఎర్నెట్ అనే ప్రభుత్వ సంస్థ ద్వారా వస్తాయి. డాట్ ఆర్గ్, డాట్ ఇన్, డాట్ సీవో డాట్ ఇన్ డబ్బు కట్టిన ఎవరికైనా దొరుకుతాయి. అడ్రసు మధ్యలో "గవ్" అన్న ముక్క ఉండి చివర డాట్ కామో డాట్ ఆర్గో ఉంటే అది ప్రభుత్వానిది కాదు. బ్రౌజర్‌లో అడ్రసు పక్కన తాళం బొమ్మ ఉందని నమ్మడం ఇంకో పొరపాటు. మీకూ సైట్‌కూ మధ్య దారి భద్రంగా ఉందని మాత్రమే అది చెబుతుంది, అక్కడ రాసింది నిజమని కాదు.

వాటర్ ప్యూరిఫయర్లు అమ్మేవారి బ్లాగులు మీ జాబితాలో తప్పకుండా ఉండి ఉంటాయి. ఫ్లోరైడ్ గురించి అన్నిటికన్నా సులభంగా రాసేదీ, గూగుల్‌లో పైన వచ్చేదీ వాళ్లే. అందులో రసాయన శాస్త్రం సరిగ్గానే ఉండొచ్చు. కానీ చివరి పేరాలో ఆర్వో యంత్రం ఉంటే, ముందు పేరాల్లోని అంకెలు ఆ యంత్రం వైపు మొగ్గే అవకాశం ఉంది. ముఖ్యంగా ఏది లేదో చూడండి. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) రూపొందించిన, పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి మీ జిల్లా పేరే పెట్టారు, "నల్లగొండ టెక్నిక్" అని. నల్లగొండ ఫ్లోరైడ్ శుద్ధి మీద వ్యాసం రాసి ఆ మాటే ఎత్తకపోతే ఆ వ్యాసం దేనికోసం రాశారో అర్థమవుతుంది.

ఇంగ్లీషులో ఊరికే "ఫ్లోరైడ్, నీరు" అని వెతికితే ఇంకో ఊబిలో పడతారు. వచ్చే పేజీల్లో సగం అమెరికా వాదం. అక్కడ చాలాచోట్ల దంతాల కోసం కుళాయి నీటిలో ఫ్లోరైడ్ కావాలని కలుపుతారు. 2015లో చేసిన సిఫారసు లీటరుకు 0.7 మిల్లీగ్రాములు. కలపాలా వద్దా అన్నది వాళ్ల గొడవ. మన గొడవ రాతిలోంచి దానంతట అదే వచ్చే ఫ్లోరైడ్. అమెరికా పర్యావరణ సంస్థ పెట్టిన గరిష్ఠ పరిమితి 4.0 మిల్లీగ్రాములు. ఆ అంకెను చూసి "3 మిల్లీగ్రాములైతే సురక్షితమే" అని రాస్తే, అది మర్రిగూడలో ఫ్లోరోసిస్‌తో వంగిపోయిన కాళ్లతో తిరిగే మనిషికి చేసే అన్యాయం. పైగా ఆ పరిమితులు పెట్టేటప్పుడు లెక్కించే వాతావరణం, రోజుకు తాగే నీరు మన ఎండలకు సరిపోవు. ఆ సైట్లు చెడ్డవని అనడం లేదు, చాలావరకు బాధ్యతగలవే. మీ ప్రశ్నకు అవి జవాబు చెప్పడం లేదు, అంతే. నమ్మకానికీ సంబంధానికీ వేర్వేరు మార్కులు వేయండి.

పరిమితి అంకె దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే శాతాలన్నీ దాని మీదే నిలబడతాయి. భారతీయ ప్రమాణం ఐఎస్ 10500, 2012 సవరణ ప్రకారం తాగునీటిలో ఫ్లోరైడ్ ఆమోదయోగ్య పరిమితి లీటరుకు 1.0 మిల్లీగ్రాము. వేరే నీటి వనరు లేనప్పుడు 1.5 వరకు అనుమతిస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శక విలువ కూడా 1.5. ఒకే 50 నమూనాలను తీసుకుని ఒకరు 1.0 దగ్గర, మరొకరు 1.5 దగ్గర గీత గీస్తే రెండు వేర్వేరు శాతాలు వస్తాయి. ఇద్దరూ నిజాయితీపరులే. "పరిమితి దాటిన నమూనాలు" అన్న మాట కనిపించిన ప్రతిచోటా ఏ పరిమితో రాసిపెట్టుకోండి. రాయని పేజీ శాతాన్ని వాడకండి.

నమూనాల ఎంపిక ఇంకో చోటు. "50లో 40 నమూనాలు పరిమితి దాటాయి" అని ఉంటే, ఆ 50 బావులను ఎలా ఎంచారో చూడండి. బాధితులున్న ఊళ్లనే ఎంచుకుని ఉంటే అది ఆ ఊళ్ల సంగతి, జిల్లాలో 80 శాతం కాదు. ఏ నెలలో తీశారో, చేదబావి నుంచా బోరు నుంచా అన్నదీ చూడండి. వానలకు ముందు, తర్వాత విలువలు మారతాయి, లోతును బట్టీ మారతాయి. మే నెల బోరు అంకెను నవంబరు చేదబావి అంకెతో పోల్చి "పెరిగింది" అనో "తగ్గింది" అనో రాయకూడదు.

యూనిట్లు. ఈ స్థాయి నీటిలో పీపీఎం, లీటరుకు మిల్లీగ్రాము దాదాపు ఒకటే. కొన్ని విదేశీ పత్రాలు మైక్రోగ్రాముల్లో రాస్తాయి, 1.5 మిల్లీగ్రాములు అక్కడ 1500 అవుతుంది. నల్లగొండ భూగర్భ జలానికి ఎక్కడైనా వందల్లో మిల్లీగ్రాములు కనిపిస్తే దశాంశ బిందువో, యూనిట్టో జారిందని అనుమానించి మూలం తెరవండి.

పరిశోధన పత్రం దొరికినప్పుడు సారాంశం చూసి ఆగిపోవద్దు, "పదార్థాలు, పద్ధతులు" భాగానికి వెళ్లండి. ఫ్లోరైడ్‌ను అయాన్ సెలెక్టివ్ ఎలక్ట్రోడ్‌తో కొలిచారా, స్పాడ్న్స్ (SPADNS) అని పిలిచే రంగు పద్ధతితో కొలిచారా? రంగు పద్ధతి లీటరుకు సుమారు 1.4 మిల్లీగ్రాముల వరకే నేరుగా పనిచేస్తుంది. అంతకన్నా ఎక్కువున్న నీటిని స్వేదన జలంతో పలుచన చేసి కొలిచి, తిరిగి హెచ్చించాలి. 5, 6 మిల్లీగ్రాముల విలువలు రాసి, పలుచన ఊసే లేకపోతే ఆ పట్టికను జాగ్రత్తగా చూడాలి. ఎలక్ట్రోడ్ అయితే బఫర్ ద్రావణం కలిపారని ఉండాలి, లేకపోతే నీటిలోని అల్యూమినియం, ఇనుము ఫ్లోరైడ్‌ను పట్టి ఉంచి విలువ తక్కువ చూపిస్తుంది. నమూనాలు ప్లాస్టిక్ సీసాల్లో తీశారా? మిగతా అయాన్లు కూడా ఇచ్చి ఉంటే ధన, రుణ అయాన్ల తూకం మీరే వేసి చూడొచ్చు. తేడా 5 శాతం లోపు ఉంటే మంచిది, 10 దాటితే ఆ విశ్లేషణలో ఎక్కడో లోపం ఉంది. ఎక్సెల్‌లో పావుగంట పని. ఏ సైట్ పేరూ ఇవ్వలేని భరోసా ఈ పావుగంట ఇస్తుంది.

జర్నల్ గురించి. డబ్బు తీసుకుని దేన్నయినా అచ్చేసే జర్నళ్లు మన దేశంలో చాలా ఉన్నాయి. మూడు రోజుల్లో అంగీకారం, ఒకే సంచికలో నీటి రసాయనం పక్కన కామర్స్, యోగా, తెలుగు సాహిత్యం, ఎక్కడా వినని సంస్థ ఇచ్చిన "ఇంపాక్ట్ ఫ్యాక్టర్" (జర్నల్‌లోని పత్రాలను ఇతరులు ఎంతగా ఉటంకించారో చెప్పే అంకె) కనిపిస్తే దూరంగా ఉండండి. ఐఎస్ఎస్ఎన్ ఉండటం గొప్ప కాదు, అది పత్రికకు ఇచ్చే గుర్తింపు సంఖ్య మాత్రమే. ఒక్కో పత్రానికి ఇచ్చే డీవోఐ సంఖ్య కూడా అంతే. "యూజీసీ కేర్ ఆమోదం పొందింది" అన్న ముద్ర చూసి ఆగకండి. యూజీసీ ఆమోదించిన జర్నళ్ల జాబితా అది; 2019లో మొదలైంది, 2025 ఫిబ్రవరిలో యూజీసీ దాన్ని నిలిపివేసింది. ఇప్పటికీ ఆ ముద్రను హోంపేజీలో పెట్టుకున్న జర్నల్ తన పేజీని సరిచూసుకోవడం లేదనే అర్థం. జర్నళ్ల సూచికలు స్కోపస్, డీవోఏజే ఉన్నాయి. స్కోపస్‌లో ఉందో లేదో స్కోపస్ సైట్‌లో, డీవోఏజేలో ఉందో లేదో డీవోఏజే సైట్‌లో చూడండి, జర్నల్ చెప్పుకుందని నమ్మొద్దు. పేరున్న జర్నల్ పేరుతో నకిలీ సైట్ నడిపేవారూ ఉన్నారు. అందుకే జర్నల్‌కు గూగుల్ నుంచి కాకుండా స్కోపస్ లేదా డీవోఏజే జాబితాలోని లింకు నుంచి వెళ్లండి. పత్రాన్ని తర్వాత వెనక్కి తీసుకున్నారేమో కూడా శీర్షికతో ఒకసారి వెతికి చూడాలి.

మన విశ్వవిద్యాలయాల పీహెచ్‌డీ గ్రంథాలు భద్రపరిచే శోధగంగ సైట్‌లో ఈ అంశం మీద సిద్ధాంత గ్రంథాలు వెతకండి. అక్కడ ఒక్కో అధ్యాయం వేరే పీడీఎఫ్‌గా ఉంటుంది. సాహిత్య సమీక్ష అధ్యాయం నుంచి అంకెలు ఎత్తకండి, అవి ఇంకొకరివి. ఆ పరిశోధకులు స్వయంగా కొలిచిన పట్టిక ఉన్న అధ్యాయమే మీకు ఆధారం. సమీక్షను దారి చూపే మ్యాపులా వాడండి.

తెలుగులో వెతికేటప్పుడు ఇబ్బందులు వేరు. "నల్లగొండ", "నల్గొండ" రెండూ కొట్టాలి. "ఫ్లోరైడ్", "ఫ్లోరైడు", "ఫ్లోరోసిస్" కొట్టాలి. పత్రికల్లో, జనం మాటల్లో "ఫ్లోరిన్ నీళ్లు", "ఫ్లోరిన్ రక్కసి" అని ఉంటుంది కాబట్టి అదీ కొట్టాలి. మీరు రాసేటప్పుడు మాత్రం ఫ్లోరైడ్ అనే రాయండి, ఫ్లోరిన్ వాయువు. ఎన్ని రకాలుగా కొట్టినా పాత వార్తలు చాలావరకు దొరకవు. అవి యూనికోడ్‌కు ముందు ఫాంట్లలోనో, బొమ్మలుగానో ఉన్నాయి. అను ఫాంట్లలో చేసిన పీడీఎఫ్ నుంచి కాపీ చేస్తే అర్థం లేని ఇంగ్లీషు గుర్తులు వస్తాయి. అలాంటి పేజీని బొమ్మగా మార్చి గూగుల్ డ్రైవ్‌లో పెట్టి, గూగుల్ డాక్స్‌తో తెరిస్తే తెలుగు అక్షరాలు చాలావరకు సరిగ్గా వస్తాయి. అంకెల విషయంలో మాత్రం దాన్ని అస్సలు నమ్మొద్దు. మసక స్కాన్‌లో చుక్క పోతే 2.4 కాస్తా 24 అవుతుంది. ప్రతి అంకెనూ బొమ్మతో కలిపి చూసుకోండి.

వార్తను దేనికి వాడాలి? ఏ రోజు ఏం జరిగింది, ఎవరు ఏమన్నారు అన్నదానికి. లీటరుకు ఎంత అన్నదానికి కాదు. నమ్మశక్యం కానిదంతా అబద్ధం అనుకోవడం కూడా పొరపాటే. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ స్థానానికి 480 మంది పోటీ చేశారని, ఫ్లోరైడ్ నీటి సమస్యను దేశం దృష్టికి తేవడానికే నామినేషన్లు వేశారని చదివితే అతిశయోక్తి అనిపిస్తుంది. ఎన్నికల సంఘం 1996 గణాంక నివేదిక తెరిచి చూడండి, అభ్యర్థుల సంఖ్య అక్కడే ఉంది. సంఖ్యకు ఎన్నికల సంఘం నివేదిక, కారణానికి ఆనాటి పత్రికలు: ఒకే వాక్యానికి రెండు వేర్వేరు ఆధారాలు కావాలి.

వికీపీడియా వాడొచ్చా అని అడిగారు. చదవండి, ఉటంకించకండి. తెలుగు వికీలో గ్రామాల వ్యాసాలు చాలావరకు 2011 జనగణన వివరాలతో నిండి ఉంటాయి, "ఈ గ్రామంలో శుద్ధి చేసిన నీరు వస్తోంది" అన్న వాక్యం కూడా ఆ ఏడాదిదే కావచ్చు. మిషన్ భగీరథ ఆ తర్వాత వచ్చింది. పైన "చరిత్ర" ట్యాబు నొక్కితే ఏ వాక్యం ఎప్పుడు చేరిందో, "చర్చ" ట్యాబులో ఎవరైనా అభ్యంతరం చెప్పారో కనిపిస్తుంది. కింద ఉన్న మూలాలే మీకు కావలసినవి.

ఏఐ చాట్‌బాట్ ఇచ్చిన రిఫరెన్సుల్లో రచయిత పేరు, జర్నల్, ఏడాది అన్నీ పొందికగా ఉండి, అసలు ఆ పత్రమే లేకపోవచ్చు. డీవోఐని డీవోఐ డాట్ ఆర్గ్‌లో కొట్టి, తెరుచుకున్న శీర్షిక అదేనా అని చూసేదాకా ఒక్కటీ రాయకండి.

ప్రభుత్వ సైట్లలో తేదీ మోసం చేస్తుంది. పేజీ అడుగున "చివరిగా నవీకరించినది" అని ఉండే తేదీ చాలాసార్లు మొత్తం సైట్‌ది. నీటి నమూనాలు తీసిన ఏడాది నివేదిక లోపల, పట్టిక శీర్షికలోనో అనుబంధంలోనో ఉంటుంది. 2024లో అచ్చయిన నివేదికలో 2023 నమూనాలు ఉండటం మామూలే. మీరు రెండు ఏళ్లూ రాయాలి. సైట్లు మారినప్పుడల్లా పాత లింకులు చచ్చిపోతాయి. 2014 విభజన తర్వాత ఉమ్మడి రాష్ట్రపు శాఖల పేజీల లింకులు చాలా అలాగే పోయాయి. చచ్చిన లింకును ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్‌లో పెట్టి చూడండి, పాత రూపం దొరకొచ్చు. మీరు ఈ రోజు వాడే ప్రతి పేజీని కూడా అక్కడే భద్రపరచి, పీడీఎఫ్ కాపీ మీ దగ్గర ఉంచుకోండి. వైవా నాటికి ఆ పేజీ ఉంటుందన్న హామీ లేదు.

దీనికంతటికీ ఒక ఎక్సెల్ షీట్ చాలు. వరుసకు ఒక అంకె పెట్టండి, ఒక సైట్ కాదు. నిలువు గళ్లు ఇవి: అంకె, యూనిట్, ఎవరు కొలిచారు, ఏ నీరు, గ్రామం, మండలం, అప్పటి జిల్లా, ఇప్పటి జిల్లా, నమూనా తీసిన నెల, ఏడాది, కొలిచిన పద్ధతి, ఏ పరిమితితో పోల్చారు, ఎక్కడ చూశాను, చూసిన తేదీ, భద్రపరచిన కాపీ పేరు. మూడు గళ్లకు మించి ఖాళీగా ఉన్న వరుసను బూడిద రంగు చేయండి. దాన్ని నేపథ్యంలో చెప్పొచ్చు, విశ్లేషణలో కలపకూడదు. రెండు మంచి వరుసలు ఒకే ఊరికి వేర్వేరు అంకెలు చెబితే ఒకదాన్ని చెరపకండి. రెండూ రాసి, తేడాకు కారణం లోతా, నెలా, పద్ధతా అన్నది ఒక వాక్యంలో చెప్పండి. గైడ్‌కు "ఆథెంటిక్" అంటే ఏమిటో చూపించడానికి ఆ షీట్‌నే ముందు పెట్టండి.

నెట్‌లో గ్రామాల వారీ అంకెలు సరిపోకపోతే ఒక దారి ఉంది. రాష్ట్ర భూగర్భ జల శాఖకు జిల్లా కార్యాలయం ఉంటుంది. మీ విభాగాధిపతి సంతకంతో, కాలేజీ లెటర్‌హెడ్ మీద ఒక పేజీ ఉత్తరం తీసుకెళ్లండి. "ఫ్లోరైడ్ సమాచారం ఇవ్వండి" అని రాస్తే ఏదో ఒక కరపత్రం చేతిలో పెట్టి పంపుతారు. ఏ మండలాలు, ఏ ఏడాది నుంచి ఏ ఏడాది వరకు, పరిశీలక బావుల పేర్లు, లోతు, వానలకు ముందు తర్వాత విలువలు విడిగా కావాలని, ఎక్సెల్ రూపంలో ఇస్తే మేలని రాయండి. మీ షీట్‌లో ఖాళీగా మిగిలిన గళ్లే ఆ ఉత్తరానికి చిత్తు ప్రతి.